గోడ వాళ్లది, బొమ్మ ఎవరిది?

మా పిన్ని కొడుకు బొమ్మలేస్తాడు. కిందటేడాది ఒక కెఫే గోడ నిండా బోనాల జాతర వేశాడు. మొన్న స్నేహితులకు చూపిద్దామని తీసుకెళితే, సగం గోడకు తెల్లరంగు కొట్టి, దానిమీద బిర్యానీ ఆఫర్ రాసేసి ఉంది. కింద మూల వీడి సంతకం మాత్రం అలాగే ఉంది. ‘డబ్బులిచ్చాం కదా తమ్ముడూ, గోడ మాది’ అన్నాడట ఓనరు.

‘నిజమేనా అన్నా?’ అని ఫోన్ చేశాడు. నేను లాయర్ని కాను, కోడ్ రాసుకునేవాణ్ణి. జీతం తీసుకున్నాక నా కోడ్ కంపెనీదే. అందుకే ‘అంతేరా’ అనబోయాను. కానీ ఆ రాత్రి కూర్చుని చదివితే, అంతే కాదని తెలిసింది.

ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఒక భారీ కంచు కుడ్యశిల్పం చేశారు. చేయించుకున్నది కేంద్ర ప్రభుత్వమే. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోడౌన్‌లో పడేశారు. ఆయనకు ఒక్క మాట కూడా చెప్పలేదు. శిల్పం దెబ్బతింది. ఏళ్లపాటు మొరపెట్టుకుని, 1992లో ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది: మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వాలి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలి.

దీనికి ఆధారం కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్. కాపీరైట్ అమ్ముకున్నా సరే, ‘ఇది నేను చేశాను’ అని చెప్పుకునే హక్కు కళాకారుడికే ఉంటుంది. తన పరువు పోయేలా ఆ పనిని వికృతం చేస్తే నిలదీసే హక్కూ ఉంటుంది.

అలాగని ప్రతిసారీ గెలుస్తారనీ కాదు. ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చేస్తే, ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్ ఇదే సెక్షన్ కింద కోర్టుకు వెళ్లారు. 2019లో అదే హైకోర్టు ఆయన కేసు కొట్టేసింది. కట్టడాన్ని పూర్తిగా కూల్చకుండా యజమానిని ఆపే హక్కు ఆర్కిటెక్ట్‌కు లేదంది. అంటే మొత్తం పోయినదానికన్నా, సగం చెడిపోయి మన పేరుతో మిగిలినదాని మీద అడగడానికే పట్టు ఎక్కువన్నమాట.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. ‘పదమూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నాకెక్కడిది అన్నా? ఆ సగం బొమ్మ కింద నా పేరు ఉండకూడదు, అంతే’ అన్నాడు. సెక్షన్ పేరు రాసి, బొమ్మ బాగుచేయించండి, లేదంటే మొత్తం తీసేయండి అని ఓనరుకు మర్యాదగా మెసేజ్ పెట్టాడు. రెండ్రోజులకు గోడంతా తెల్లగా అయింది.

గెలిచినట్టా? వాడికీ తెలీదు, నాకూ తెలీదు. కానీ వాడి కొత్త ఒప్పంద పత్రంలో ఇప్పుడు ఒక వాక్యం ఉంటోంది: ‘బొమ్మ మార్చాలన్నా, తీసేయాలన్నా నెల ముందు నాకు చెప్పాలి.’ బొమ్మలేసే వాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ ఒక్క వాక్యం రాయించుకోమని చెప్పండి.