అంగన్‌వాడీలో ఖాళీ చోట్లపై గ్రామసభ తీర్మానం

విషయం: గ్రామ అంగన్‌వాడీ కేంద్రంలో ఆరేళ్లలోపు పిల్లల చోట్లు నిండకపోవడం.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం సర్పంచ్ గారి అధ్యక్షతన సమావేశమైన గ్రామసభ, వార్డు సభ్యులు, మహిళా సంఘాల వారు, అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త చెప్పిన విషయాలు విని, చర్చించి ఈ కింది విధంగా తీర్మానించింది.

రిజిస్టర్‌లో పేర్లున్న పిల్లలందరూ కేంద్రానికి రావడం లేదని, పేరే ఎక్కని పిల్లలూ ఊళ్లో ఉన్నారని సభ గుర్తించింది. ఊళ్లో పసిపిల్లలకు కొదవ లేదు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు తల్లులు తెల్లవారగానే ఆటో ఎక్కుతారు. కేంద్రం తలుపు తెరిచేది ఆ తర్వాత. సాయంత్రం కేంద్రం మూసేసరికి వాళ్లింకా చేలోనే ఉంటారు. బిడ్డను దింపి, మళ్లీ తెచ్చుకోవడానికి పెద్దదిక్కు లేని ఇంట్లో, ఆ బిడ్డ చేను గట్టున చీర ఉయ్యాలలోనో, బడి మానేసిన అక్క చంకలోనో ఉంటున్నాడు. పసివాడు కేంద్రానికి రాలేకపోతే ఆడపిల్ల చదువు కూడా పోతోందని మహిళా సంఘాలు చెప్పిన మాటను సభ ప్రత్యేకంగా నమోదు చేస్తోంది.

స్థోమత ఉన్న ఇళ్ల పిల్లలు మూడేళ్లు నిండగానే టౌన్‌లోని ప్రైవేటు నర్సరీ వ్యాన్ ఎక్కుతున్నారు. తల్లిదండ్రులను తప్పుపట్టడం సభ ఉద్దేశం కాదు. అంగన్‌వాడీ అంటే గుడ్డు, బాలామృతం ఇచ్చే చోటేనన్న అభిప్రాయం పాతుకుపోయింది. కానీ 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పటి నుంచీ ఆటపాటలతో చదువు చెప్పడం కూడా అంగన్‌వాడీ బాధ్యతే. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ముందు మూడేళ్లను చదువులో భాగంగానే లెక్కించింది. ఆ చదువు మన కేంద్రంలో తల్లిదండ్రుల కంటికి కనబడేలా సాగాలి.

హాజరు తక్కువన్న కారణంతో కేంద్రాన్ని మూసివేయడానికి గానీ, మరో కేంద్రంలో కలపడానికి గానీ ఈ సభ సమ్మతించదు. కేంద్రం లేని ఆవాసంలో ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అడిగి తెచ్చుకునే హక్కు ఉన్నప్పుడు, చేతిలో ఉన్నదాన్ని వదులుకోలేము. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కు చేసింది. గడప దాటి రాలేని బిడ్డకు ఆ హక్కు అందడం లేదు.

వార్డు సభ్యులు, టీచర్, ఆశా కార్యకర్త కలిసి పదిహేను రోజుల్లో ఇంటింటికీ తిరిగి ఆరేళ్లలోపు ప్రతి బిడ్డ పేరు రాయాలి. ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాల దగ్గర ఉంటున్న వలస కుటుంబాలతో మొదలుపెట్టాలి. మన ఊరు కాదని, కార్డు లేదని ఏ బిడ్డనూ తిప్పి పంపరాదు.

పనుల కాలంలో కేంద్రం ముందుగా తెరవాలన్నది తల్లుల కోరిక, సభ కోరిక కూడా. అయితే సర్వేలతో, ఫోన్‌లో నమోదు పనులతో సతమతమవుతున్న టీచర్, ఆయాల మీద ఆ భారం ఊరికే మోపడం న్యాయం కాదు. మిషన్ శక్తిలోని పాల్నా పథకం కింద మన కేంద్రానికి శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) జోడించి, దానికి వేరుగా సిబ్బందిని ఇవ్వాలని మహిళా శిశు సంక్షేమ శాఖను కోరడమైనది. మంజూరయ్యే వరకు పిల్లలను ఇళ్ల నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి ఇళ్లకు చేర్చే మహిళకు పంచాయతీ నిధి నుంచి గౌరవ వేతనం ఇవ్వాలి.

ప్రహరీ, గేటు, చిన్నపిల్లలకు తగిన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి పనులను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలి. వీటిలో ప్రహరీ మొదటిది. రోడ్డు పక్కన గేటు లేని చోట బిడ్డను వదిలి వెళ్లడానికి ఏ తల్లికీ మనసొప్పదు.

హాజరు వివరాలను ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలి. తీర్మానం ప్రతులను సీడీపీవోకు, ఎంపీడీవోకు, జిల్లా సంక్షేమ అధికారికి పంపే బాధ్యత పంచాయతీ కార్యదర్శికి అప్పగించడమైనది.

సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.