అలల ఊళ్లో కాపురం

పదవీ విరమణ తరువాత ఎక్కడ స్థిరపడాలన్నది మన ఉద్యోగుల ఇళ్లలో తరచుగా చర్చకు వచ్చే ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా బదిలీల మీద తిరిగి, క్వార్టర్లలో కాపురం చేసినవారికి సొంత ఊరు కూడా కొంత పరాయిదవుతుంది. అప్పుడు చాలామంది మనసులో ఒక చిత్రం మెదులుతుంది: సముద్రపు ఒడ్డున పాత ఊరు, పెంకుటిల్లు, వరండాలో పడక కుర్చీ. ఈ మాసం అటువంటి ఊరినొకదానిని పాఠకుల ముందుంచుతున్నాము.

తమిళనాడు తీరంలో, కారైకాల్‌కు ఉత్తరాన ఉన్నది తరంగంబాడి. పాడే అలల ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఐరోపావారి నోట అది ట్రాంక్విబార్ అయింది. 1620లో డెన్మార్కు నౌకాధిపతి ఓవ్ గెడ్డె తంజావూరు ప్రభువు రఘునాథ నాయకునితో ఒప్పందం చేసుకొని ఇక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టించాడు. తెలుగులో కావ్యాలు రచించిన ఆ రఘునాథుడు మనకు కొత్తవాడు కాడు. 1706లో వచ్చిన జీగెన్‌బాల్గ్ ఇక్కడ అచ్చుకూటం నెలకొల్పగా, 1715 నాటికి తమిళంలో కొత్త నిబంధన అచ్చయింది. ఆయన తరువాత ఈ ఊళ్లో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ మద్రాసుకు వెళ్లి తెలుగు నేర్చుకొని, 1740లలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1845లో డెన్మార్కు ఈ ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేసింది.

ఇంతటి చరిత్రా కాలినడకన చూడగలిగినంత మేరలోనే ఇమిడి ఉంది. 1792లో తిరిగి కట్టిన నగర ద్వారం దాటితే రాజవీధి. దాని మీద 1701 నాటి సీయోను చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి. చివర కోట, కోట ముందు బంగాళాఖాతం. వీధి సముద్రం దగ్గరే ముగుస్తుంది కనుక ఊరి మధ్య నుండి దాటిపోయే లారీల రొద లేదు. తెల్లవారితే సూర్యోదయం, వాకిటికి తాజా చేప, సాయంత్రం గాలి. చూడవచ్చినవారికి ఇవన్నీ ఒక్క పూట ముచ్చట, అక్కడ నివసించేవారికి నిత్యకృత్యం.

అయితే ఈ సుఖానికి వెల ఉంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, ఇనుప గేట్లు త్వరగా తుప్పు పడతాయి. పాత ఇళ్ల గోడలకు సున్నపు పూతే తగినది. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేక, ఉప్పు చేరి ఇటుక పొడి రాలుతుంది. 1306 నాటి మాసిలామణి నాథర్ ఆలయంలో చాలా భాగాన్ని కడలి ఇప్పటికే కబళించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరంలోని మత్స్యకార కుటుంబాలకు తీరని శోకం మిగిల్చింది. మయిలాడుతురై నుండి వచ్చే రైలు మార్గం 1980లలోనే మూతపడింది. వయసు మళ్లినవారు పెద్ద ఆసుపత్రికి కారైకాల్‌కో మయిలాడుతురైకో పోవలసిందే.

సునామీ అనంతరం ఇంటాక్ సంస్థ ఇక్కడి పాత ఇళ్లు కొన్నింటిని బాగుచేయించింది. కానీ ఎంత బాగుచేసినా, తాళం పడిన ఇల్లు ఉప్పుగాలికి నిలువదు. పైకప్పులో జారిన పెంకు, గోడ మీద పాకిన చెమ్మ రోజూ ఇంట్లో తిరిగేవారి కంటనే పడతాయి. సెలవులకు మాత్రమే తెరిచే ఇళ్లు ఎక్కువైతే ఊరు ప్రదర్శనశాలగా మిగులుతుంది. పొయ్యి వెలిగించి, ముగ్గు వేసి, పిల్లలను బడికి పంపే కుటుంబాలున్నంత కాలమే అది ఊరు.

కనుక చరిత్ర గల తీరపు ఊళ్లో స్థిరపడదలచిన మిత్రులకు మా సలహా ఒక్కటే. మాఘమాసపు చల్లని సాయంత్రం చూసి గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు కొనవద్దు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో అద్దె ఇంట్లో ఉండి చూడండి. గాలివాన రాత్రి ఇంటిల్లిపాదీ మేలుకొని ఉన్న తరువాత కూడా ఆ ఊరు మీకు నచ్చితే, నిశ్చింతగా కాపురం పెట్టవచ్చు. మీరెరిగిన ఇటువంటి ఊళ్లను గూర్చి మాకు వ్రాయండి.