ఆ 85 డిగ్రీలు నిజమేనా?

వ్యాక్సిన్లు దాచే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందులో డీఎస్18బీ20 అనే చిన్న సెన్సర్ పెట్టారనుకుందాం. తలుపైనా తీయకముందే తెర మీద 85 అని పడుతుంది. ఫ్రిజ్‌కేమీ కాలేదు. కరెంటు అందగానే ఆ చిప్పు రిజిస్టర్‌లో ఉండే తొలి అంకె 85. కొలవమని చెప్పాక, 12 బిట్ల వివరంతో లెక్క తేల్చడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ ముప్పావు సెకను ఆగకుండా మొదటి కొలత అడిగితే ఆ 85నే తీసి చేతిలో పెడుతుంది.

ఇదంతా తయారీదారు డేటాషీట్‌లో ఉంది. కానీ చిప్పుకీ ప్రోగ్రాంకీ మధ్య దుబాసీలా పనిచేసే డ్రైవర్ కోడ్ ఉండేదే, వాడేవాడు డేటాషీట్ తెరవక్కర్లేకుండా చేయడానికి. ఆ డ్రైవర్ పక్కన 85 గురించి ఒక్క మాటైనా రాసి లేకపోతే వాడేవాడు ఏం చేస్తాడు? ‘85 వస్తే పారేయ్’ అని ఒక లైను తగిలిస్తాడు. అదే కోడ్‌ను రేపు ఇంకెవరో సోలార్ వాటర్ హీటర్‌కు పెడతారు. అక్కడ నీళ్లు నిజంగానే 85కి చేరొచ్చు.

ఇంతకన్నా చిక్కైనది మైనస్ 127. ఆర్డుయినో బోర్డులతో ఈ సెన్సర్‌కు విరివిగా వాడే లైబ్రరీ, తీగ ఊడిపోతే ఆ అంకె ఇస్తుంది. ‘2 డిగ్రీల కన్నా తగ్గితే కంప్రెసర్ ఆపు’ అని రాసుకున్న ప్రోగ్రాం దాన్ని చూసి లోపలంతా గడ్డకట్టుకుపోయిందనుకుంటుంది. కంప్రెసర్ ఆపేస్తుంది. మందులేమో వెచ్చబడుతుంటాయి.

ఓపెన్ సోర్స్ సెన్సర్ డ్రైవర్ల డాక్యుమెంటేషన్ చాలాచోట్ల ‘ఇలా ఇన్‌స్టాల్ చేయండి, ఈ తీగ ఇక్కడ కలపండి’ అని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఆ రెండూ ఎవరైనా ఎలాగోలా తెలుసుకుంటారు. ఈ అంకెను ఎప్పుడు నమ్మకూడదన్నది మాత్రం డ్రైవర్ రాసినవాళ్లు చెబితే తప్ప తెలియదు.

అలా చెప్పినవాళ్లు లేకపోలేదు. ఏఎండీ ప్రాసెసర్ల వేడిని చూపే లైనక్స్ డ్రైవర్ కే10టెంప్. అది చూపే టీసీటీఎల్ అనే విలువ అసలు భౌతికమైన ఉష్ణోగ్రతే కాదని, ఫ్యాన్ల వంటివాటిని నియంత్రించడానికి పెట్టుకున్న ఒక కొలమానమని దాని డాక్యుమెంట్ తేటతెల్లంగా రాస్తుంది. మన కోడ్ ఇచ్చే అంకెను పట్టుకుని ‘ఇది నిజమైన ఉష్ణోగ్రత కాదు’ అని రాయడానికి కాస్త నిజాయతీ కావాలి. 2017లో రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ వచ్చినప్పుడు ఆ మాట విలువ తెలిసింది. వాటిలో టీసీటీఎల్ అసలు వేడి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపేలా కంపెనీయే అమర్చింది.

ఇక యూనిట్ల గొడవ. వాతావరణ పీడనం కొలిచే బాష్ కంపెనీ బీఎంఈ280 చిప్పునే చూడండి. సముద్ర మట్టం దగ్గర మామూలు పీడనాన్ని లైనక్స్‌లోని ఐఐఓ వ్యవస్థ కిలోపాస్కళ్లలో, అంటే 101.325గా ఇస్తుంది. అడాఫ్రూట్ సంస్థ ఆర్డుయినో లైబ్రరీ పాస్కళ్లలో 101325 అంటుంది. అదే సంస్థ సర్క్యూట్‌పైథాన్‌లో హెక్టోపాస్కళ్లు కాబట్టి 1013.25 వస్తుంది. చిప్పు ఒకటే, గాలీ ఒకటే, మూడూ సరైనవే. ఫంక్షన్ పేరు పక్కన ఆ ఒక్క పదం లేకపోతే మాత్రం ఒకచోటి కోడ్‌ను ఇంకోచోట అతికించినవాడి పని అయోమయమే.

‘వివరాలకు డేటాషీట్ చూడండి’ అని లింకు ఇచ్చి ఊరుకోవడమూ చాలదు. లైనక్స్ పాత డ్రైవర్ల డాక్యుమెంట్లు నేషనల్ సెమీకండక్టర్ వెబ్‌సైట్ చిరునామాలు ఇచ్చాయి. 2011లో ఆ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది. కంపెనీలు చేతులు మారతాయి, డ్రైవర్లు బతికే ఉంటాయి. కాబట్టి ముఖ్యమైన నాలుగు అంకెల్నీ డాక్యుమెంట్‌లోనే ఎత్తిరాయాలి.

‘కోడ్ చదివితే అన్నీ తెలుస్తాయి కదా’ అనేవాళ్లు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటారు. కోడ్‌లో 750 మిల్లీసెకన్లు ఆగమని ఉంటుంది, ఎందుకు ఆగాలో ఉండదు. వేగం పెంచుదామని ఎవరో ఉత్సాహవంతుడు ఆ లైను తీసేస్తాడు. మళ్లీ 85 ప్రత్యక్షం.

లైనక్స్‌లో ఉష్ణోగ్రత, వోల్టేజీ సెన్సర్లను చూసే హెచ్‌డబ్ల్యూమాన్ విభాగం కొత్త డ్రైవర్ పంపేవారిని దానితోపాటే డాక్యుమెంట్ ఫైలూ రాయమంటుంది. చిన్న ప్రాజెక్టులూ అంత పట్టుదలగా ఉండాలి. కోడ్ ఎంత బాగున్నా యూనిటూ, ఆగాల్సిన సమయమూ, తప్పు జరిగితే వచ్చే అంకే రాయకపోతే వెనక్కి పంపాలి. ఆ మూడింటికీ అరపేజీ చాలు.

ఇందులో మన ఇంజినీరింగ్ కాలేజీలకూ పని ఉంది. ఏటా ఫైనలియర్ ప్రాజెక్టుల్లో నేల తేమ కొలిచే సెన్సర్లు ఎన్నో కనిపిస్తాయి. మార్కెట్లో దొరికే కెపాసిటివ్ రకంలో నేల తడిసేకొద్దీ అంకె తగ్గుతుంది. దాంతో మొదటిసారి మోటారు తడి నేలకే నీళ్లు పెట్టడం కొత్తేమీ కాదు. ఎక్కడ తికమకపడ్డారో ఆ విద్యార్థులకు ఇంకా తాజాగా గుర్తుంటుంది. పదేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్ రచయితకు అది ఎప్పుడో మరుగున పడిపోయి ఉంటుంది. ఆ తికమకను రెండు వాక్యాలుగా రాసి సంబంధిత లైబ్రరీకి పంపితే, దానికీ ప్రాజెక్టు మార్కుల్లో చోటివ్వొచ్చు. లైనక్స్‌లోనైతే డాక్యుమెంట్ సవరణ కూడా కోడ్ సవరణ వెళ్లే దారినే వెళ్తుంది, పంపినవారి పేరూ అలాగే నమోదవుతుంది.