మెడమీది నలుపు



ఈ మాసము నా తప్పొకటి మీ యెదుట చెప్పుకొనవలసియున్నది. తల్లులెవరైనను తెలియక చేయగల తప్పే యగుటచే దానిని దాచుకొనుట మంచిది గాదని తోచినది.

మా పెద్దమ్మాయికి పదునాలుగవ యేడు. గడచిన యేడాదినుండి దాని మెడవెనుకను, చంకలలోను చర్మము నల్లబడి, మఖమలు గుడ్డవలె మందమైయుండెను. "సరిగా తోముకొనవేమే!" యని పలుమారులు కసరితిని. శనగపిండియు పసుపును గలిపి నలుగు పెట్టితిని. అదియు చాలదని పీచుతో మెడ యెఱ్ఱబడువఱకు రుద్దితిని. పిల్ల కన్నీరు పెట్టుకొన్నదే గాని నలుపు పోలేదు. తోడిపిల్లలు నవ్వుదురని బడిలో చున్నీతో మెడ కప్పుకొనుట నేర్చినది.

దానికి నడుముచుట్టును పెరుగుచుండెను. మా తల్లిగారికి మధుమేహము కలదు. మావారు పట్టుపట్టి వైద్యురాలియొద్దకు దీసికొనిపోయిరి. ఆమె మెడ చూచి, "ఇది మురికి కాదమ్మా. ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందని తెలిపే గుర్తు" అన్నది. అమ్మాయి నావైపు చూచినది. నాకు తల యెత్తుటకు మొగము లేకపోయెను.

ఇన్సులిననగా నేమి? మనము తిన్న యన్నమును రొట్టెయు చక్కెరగా మారి రక్తమున జేరును. ఉదరమునందలి క్లోమమునుండి స్రవించు ఇన్సులిను ఆ చక్కెరను కండరములు మొదలగునవి గ్రహించునట్లు చేయును. కొందఱి దేహములు దాని మాటను లక్ష్యపెట్టవు. ఒక్క పిలుపునకు పలుకని పిల్లవానిని నాలుగు మారులు పిలిచినట్లు, అప్పుడు క్లోమము మఱింత ఇన్సులినును స్రవింపజేయును. ఇట్లు ఏండ్ల తరబడి చక్కెర సరిగానే కనబడుచు, ఇన్సులిను మాత్రము హెచ్చుగా నుండవచ్చును. ఆ హెచ్చే చర్మకణములను పెంచి మెడను నల్లబఱచును. కొందఱు యువతుల ఋతుక్రమము తప్పుటకును ఇది తోడగును. క్లోమ మలసిననాడు చక్కెర పెరుగును. మధుమేహమని మన మప్పుడు పేరు పెట్టుదుము.

మన సుశ్రుతాచార్యుడు ప్రమేహమును సహజమనియు, అపథ్యమువలన గలుగునదనియు రెండు విధములుగా జెప్పియున్నాడు. ఇన్సులినును బాంటింగు, బెస్టు అనువారు 1921లో టొరంటో నగరమున వెలికిదీసిరి. కాని రక్తములో లేశమాత్రముగా నుండు దానిని కొలుచు మార్గము 1950వ దశాబ్దము చివరకు గాని దొరకలేదు. ఆ మార్గమును సాలమన్ బెర్సనుతో గూడి కనిపెట్టినది న్యూయార్కునందలి రోసలిన్ యాలో యను స్త్రీ, ఇద్దఱు బిడ్డల తల్లి. 1977లో ఆమెకు నోబెల్ బహుమాన మొసగిరి. బెర్సను 1972లోనే గతించియుండెను.

మా అమ్మాయికి రాత్రి భోజనము తరువాత మంచినీరు దప్ప మఱేమియు నీయక, పరగడుపున రక్తము తీయించితిమి. చక్కెర 92, ఇన్సులిను 24 అని వచ్చినది. రెంటిని గుణించి 405చే భాగించినచో సుమారు ఐదున్నర. ఇది 1985లో ఆక్స్‌ఫర్డు వైద్యులు చూపిన లెక్క. బడిపంతులుగారి యిల్లు గదా, మావారు కాగితముమీద వేసి చూపిరి! ఈ సంఖ్య కొంచెము హెచ్చే. అయినను ఈడు వచ్చు పిల్లలలో ఇన్సులిను సహజముగానే పెరుగుననియు, ఒక్కొక్క ప్రయోగశాలలో ఒక్కొక్క తీరుగా వచ్చుననియు, ఎల్లరంగీకరించిన హద్దు లేదనియు, దీనినొక్కదానినే చూచి భయపడరాదనియు వైద్యురాలు చెప్పినది.

కావున ఈ పరీక్ష అందఱికిని అవసరము గాదు. తక్కువ ఖర్చుతో తెలియునవి ముందు చూచుకొనుడు. ఆడువారి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటరాదు. దీనికి టేపు చాలును. పెద్దలకు పరగడుపు చక్కెర 100 లోపుండవలయును. 126 గాని అంతకుమించి గాని యున్నచో మఱల పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. మూడు నెలల సగటు తెలుపు పరీక్షలో 5.7 లోపు మంచిది. అయితే రక్తహీనత గలవారికి ఆ సంఖ్య తప్పుదారి పట్టింపవచ్చును గనుక ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలయును. రక్తపుపోటును, రక్తములోని కొవ్వును గూడ చూపించుకొనవలయును.

మన తెలుగు పల్లెలలో జరిగిన పరిశోధన యొకటి మీరు వినదగినది. 1987 మొదలు 1990 వఱకు జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు చేరువనున్న 15 పల్లెలలో గర్భిణులకును బాలింతలకును ఆఱేండ్లలోపు బిడ్డలకును మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేయించి పెట్టిరి. మఱి 14 పల్లెలలో ఆ యేర్పాటు లేకుండెను. ఆ బిడ్డలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారైన పిమ్మట వేయిమందికి పైగా రక్తము పరీక్షించి, పైన జెప్పిన లెక్కయే వేసిరి. ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలలో ఆ సంఖ్య నూటికి ఇరువది పాళ్లు తక్కువగా నుండెను. ఇది 2008లో ప్రకటింపబడినది.

సోదరీమణులారా, దీని భావ మాలోచింపుడు. అందఱును తిన్న పిమ్మట మిగిలినది తినుట కోడలి ధర్మమని మనయిండ్లలో నింకను అనుకొనుచున్నాము. గర్భిణి పస్తుండుట ఆమె యొక్కతెతో పోవునది గాదు. కడుపులోని బిడ్డ పెరిగి పెద్దయైన పిమ్మట దాని రక్తములో గూడ ఆ జాడ యుండవచ్చును.

మాయింట మందు లేవియు నింకను వ్రాయలేదు. ఈ ఆత్మకూరు ప్రాంతమున మా పెద్దలు జొన్నరొట్టె తినెడివారు. జూరాల నీరు పాఱిన పిమ్మట మూడు పూటలును వరియన్నమే యైనది. ఇప్పుడు మరల రాత్రిపూట రొట్టె చేయుచున్నాను. రొట్టె యైనను మితముగానే పెట్టి, పప్పును కూరను హెచ్చించితిని. సీసాలలోని తీపిపానీయములు మాన్పించితిని. సాయంకాలము తల్లీకూతుండ్రము అరగంట వడిగా నడచుచున్నాము. దాని కొక్కదానికే పథ్యము పెట్టిన శిక్షవలె దోచునని యింటిల్లిపాదికిని ఇదే భోజనము.

నలుపు ఇంకను ఉన్నది. తగ్గుటకు నెలలు పట్టునట. నిన్న జడ యల్లుచు నా చేయి దాని మెడకు దగిలినది. మునుపటివలె ముడుచుకొనక అది నిశ్చలముగా కూర్చుండెను. "ఇక రుద్దనమ్మా" అంటిని. "తెలుసులే" అన్నది. మీ యింట నిట్టి మెడ కనబడినచో పీచు తీయక ముందు వైద్యునకు చూపుడని నా ప్రార్థన.