గుమ్మంలో పాము... చేతిలో కర్రెందుకు?

అమెరికాలో పామును పెంచుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఏ బాల్ పైథాన్‌నో, కార్న్ స్నేక్‌నో తెచ్చుకుంటారు. విషం లేనివి, తరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరిగినవి. అయినా పైనుంచి తల మీదికి చెయ్యి పోనివ్వరు. పక్కగా వెళ్లి రెండు చేతులూ కిందినుంచి ఆనించి ఎత్తుతారు. ఎలుకను మింగాక రెండు రోజులపాటు ముట్టుకోరు.

కృష్ణా డెల్టాలో ఆ ముచ్చట కుదరదు. ఇక్కడి పాములను పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అవి మాత్రం పిలవకుండానే వస్తాయి. 2018 వానల్లో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం తలపెట్టారు. భక్తి సంగతి అలా ఉంచితే, పొలంలో నీళ్లు నిండితే బొరియలు మునుగుతాయి. ఎలుకలూ, పందికొక్కులూ మెరక వెతుక్కుంటూ గడ్డివాము దగ్గరికో, వంటింటి వెనక్కో చేరతాయి. వాటి వెంటే పాము!

ఇంట్లో కనిపిస్తే ముందు పిల్లల్ని, కుక్కను అవతలికి పంపాలి. లోపలి గది తలుపు మూసి, వీధి తలుపు బార్లా తీయాలి. ఒకరు దూరం నుంచే కనిపెట్టి ఉండాలి. చూపు తప్పిందంటే బీరువా వెనక ఎక్కడుందో తెలియదు. పోకపోతే అటవీ శాఖకో, శిక్షణ పొందిన పాములు పట్టేవారికో కబురు చేయాలి. కర్ర పట్టుకుని దగ్గరికెళ్లే మగధీరుడు తనంతట తానే కాటుకు అందుతాడు. పైగా, త్రాచనుకుని చంపేది తరచూ విషం లేని జెర్రిపోతునే. పొలంలో ఎలుకల్ని తినేది అదే.

అసలు భయపడాల్సింది కట్లపాముకు. రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అజీర్తి అనుకోకండి. మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే చాలావరకు రక్షణే.

కాటు పడితే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరం, గాజులు తీసేసి, కరిచిన కాలూ చెయ్యీ కదలకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును చంపి సీసాలో వేసుకెళ్లే పనిలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి... నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే. ఆ మందు తయారీకి కావాల్సిన విషాన్ని తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరులర్ల సహకార సంఘం అందిస్తోంది. విషం తీశాక వాళ్లు ఆ పాముల్ని మళ్లీ వదిలేస్తారు.