కొండ దిగవలసిన తల్లుల కొరకు

ఆషాఢము ప్రవేశించునాటికి మన్యమున గెడ్డలు పొంగును. పొంగిన గెడ్డ కావల నొక స్త్రీ ప్రసవించి, మాయ పడిన పిదప రక్తస్రావము నిలువకపోయెనేని, చికిత్స లేక ఆమె ప్రాణము నిలుచునది సుమారు రెండు గంటలని వైద్యులు చెప్పుచున్నారు. రెండు గంటలు! పాడేరు, చింతపల్లి ప్రాంతముల బాటలేని గూడెముల నుండి డోలీ కట్టి, భుజములు మార్చుకొనుచు, జారుబండలమీదుగా వాహనము నిలుచు చోటికి దింపుటకే ఆ కాలము చాలని సందర్భములు పెక్కు. ఆసుపత్రిలోనైన, బిడ్డ పుట్టిన నిమిషములోపల వేయు ఆక్సిటోసిన్ సూది ఈ విపత్తును చాలవరకు వారించును. 108 వాహనమును నిందించుట సులభము. 2005 నుండి అది వచ్చుచునే యున్నది, కాని బాట ముగిసినచోట అదియు నిలిచిపోవును.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 96.5 ప్రసవములు ఆసుపత్రులలో జరిగినట్లు తేలినది. ఈ సంఖ్యను సభలలో చదివి చప్పట్లు కొట్టించుకొనువారు కొట్టించుకొందురు గాక. కొండకొమ్మున నొప్పులు పడుచున్న దానికి సగటుతో నేమి పని?

కావున నొప్పులు వచ్చిన పిదప పరుగిడుట గాక, నెలలు నిండకమున్నే, ఆమె నడువగలిగి యున్నపుడే దింపవలెను. ఇందులకే సాలూరు మొదలగు చోట్ల గర్భిణుల వసతిగృహములు వెలసినవి. ఐనను రారేమి యనినచో, అజ్ఞానమని పట్టణపు పెద్దలు తేల్చివేయుదురు. ఆమెనే యడుగుడు: పెద్దబిడ్డలకు అంబలి కాచి పోయువారెవరు? మేకలను తోలువారెవరు? తోడువచ్చిన అత్తకు, పోడుపని పోయిన దినములకు గింజలిచ్చువారెవరు?

మా మిత్రబృందము ఈ యడ్డంకినే తొలగింపబూనినది: దిగివచ్చు గర్భిణి ఇంటికి బియ్యము, పప్పు; తోడువచ్చినామెకు దినకూలి. చందా సమకూర్చు పూచీ నాది. ఈ యేడు చేరినది నిరుటి దానిలో మూడవవంతైనను లేదు. డోలీ చిత్రము పత్రికలో పడిన నాడు అయ్యో యని నిట్టూర్చి, మరునా డా కాగితముననే పకోడీలు పొట్లము కట్టించుకొను మనకు, ఆ కొండల కాఫీ త్రాగుచు, ఆ మిరియములను చారులో వేసికొనుచు, వానిని సంతకు మోసి దించిన భుజములే ఈ తల్లులను మోయుచున్నవని యొకపరియైన తోచవలదా? ప్రభుత్వము బాట వేయునందాక వేచియుండుడని నాకు హితవు చెప్పినవారున్నారు. బాట అవశ్యము కావలసినదే, అడుగుడు, నిలదీయుడు. కాని ఆ రెండు గంటలు టెండరు కొరకు ఆగవు.

ద్రవ్యమీయజాలనివారు బియ్యమిండు. ఆసుపత్రులకు దాపుననున్నవారు రక్తమిండు. సంతనాడు కొండనుండి మరలు జీపులవారు గర్భిణికి ముందు సీటు విడువుడు. శ్రావణమున నెలలు నిండు తల్లుల పేర్లు ఆశా కార్యకర్తల పుస్తకములలో ఇదివరకే యెక్కినవి. వచ్చు సంతనాటికి వారి యిండ్లకు బియ్యము చేరవలెను.