నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు

ఈ మధ్య తెలుగు వార్తల్లో అందరూ తెగ నమ్ముతున్నారు. దొంగ రాష్ట్రం దాటాడని పోలీసులు నమ్ముతున్నారు. ధర పెరుగుతుందని వ్యాపారులు నమ్ముతున్నారు. ఇంగ్లీషు ‘బిలీవ్’ ఊహకూ విశ్వాసానికీ కూడా చెల్లుతుంది. తెలుగులో ఊహ చెప్పడానికి అనుకోవడం, భావించడం, అనుమానించడం, అంచనా వేయడం ఉన్నాయి. డెస్కు మీది హడావిడిలో వీటన్నిటినీ ‘నమ్ము’ మింగేస్తోంది.

ఆ మాట బరువెంతో అనంతపురం మెట్ట పొలాల్లో తెలుస్తుంది.

‘వాననే నమ్ముకొని శెనక్కాయ ఇత్తినాం’ అంటాడు అక్కడి రైతు. విత్తనం, అప్పు తెచ్చిన డబ్బు, ఇంటిల్లిపాది రెక్కల కష్టం నేలలో పోశానని ఆ ఒక్క ముక్కలో చెప్పేశాడు. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య వానలు పుష్కలంగా అందడానికి తూర్పు తీరం దూరం. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ అదనుకు పడాలి. జూన్, జూలైలో పదునైతే గొర్రు కడతారు. పూత తర్వాత ఊడలు ఎర్రనేలలోకి దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే నేల బిగుసుకుపోతుంది, ఊడ మొన పైనే ఎండుతుంది. చెట్టు చూపుకు పచ్చగానే ఉంటుంది. పీకితే కాయ ఉండదు.

‘కొను’ చేరగానే క్రియ మనిషి బతుకుకు ముడిపడుతుంది. వాన వస్తుందని నమ్మినవాడు రాకపోతే ఆ మాట మార్చుకోగలడు. వానను నమ్ముకున్నవాడికి ఆ వీలు లేదు. బోరును నమ్ముకొని చీనీతోట పెట్టినవాడిదీ అదే స్థితి: నీళ్లు అడుగంటితే ఏళ్ల తరబడి పెంచిన చెట్లు కళ్లముందే మాడిపోతాయి. కదిరి వైపు నుంచి బెంగళూరుకు, కేరళకు వలసపోయిన కుటుంబాలు ఎన్నో. ఈ రైతు బతుకును దగ్గరగా చూసి కథలు రాసిన సింగమనేని నారాయణ 1988లో తెచ్చిన సంపుటి పేరు ‘జూదం’.

అంచనా తప్పితే సవరించుకుంటాం. నమ్మకం వమ్మయితే తెలుగువాడు దాన్ని ద్రోహమంటాడు. ఈ తేడాను వార్తాభాష చెరిపేస్తుంటే చూస్తూ ఊరుకోవడం తగదు.

పత్రికల్లో, టీవీల్లో అనువాదాలు చేసే మిత్రులకు మనవి. వాతావరణ శాఖ చెప్పేది అంచనా, అలాగే రాయండి. నిపుణులవి అభిప్రాయాలు, అలాగే రాయండి. ‘నమ్ము’ను మాత్రం నిజంగా నమ్మినవాళ్ల కోసం అట్టిపెట్టండి.